కాఫీ దీవుల్లో అసలు గింజ ఏది? కరీబియన్ ప్రయాణంలో కాఫీ కొనేవారు తెలుసుకోవలసిన సంగతులు

కాఫీ పండే దీవికి వెళ్ళి, అక్కడ పండని కాఫీని అక్కడిదే అనుకొని కొనుక్కొని రావడం కరీబియన్ ప్రయాణాల్లో చాలా తేలికగా జరిగిపోతుంది. పొట్లం మీద దీవి పేరు ఉంటుంది, మబ్బులు కమ్మిన కొండ బొమ్మ ఉంటుంది, ఆ దీవిలోనే వేయించి పొడి చేసినట్టు రాసి ఉంటుంది. ఆ రాసినదంతా నిజమే కావచ్చు. గింజ మాత్రం మెక్సికో నుంచో మరో దేశం నుంచో ఓడలో వచ్చి ఉండవచ్చు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేకపోవడమే అసలు చిక్కు. అందుకే ఈ దీవుల్లో మంచి కాఫీ కొనాలనుకునేవారు రుచి సంగతి తరవాత చూసుకొని, ముందుగా పొట్లం మీది ఏ మాట దేనికి హామీ ఇస్తుందో, ఏ మాట దేనికీ హామీ ఇవ్వదో తెలుసుకోవాలి.

మొదట తీసివేతలతో మొదలుపెట్టడం మేలు. అరబికా అనే మేలురకం కాఫీకి ఎత్తు కావాలి, చల్లదనం కావాలి, నీరు నిలవని కొండ వాలు కావాలి. బహామాస్ దేశం మొత్తంలో అత్యంత ఎత్తైన గుట్ట 63 మీటర్లు. కేమన్ దీవులు అంతకన్నా పల్లం. క్రూయిజ్ ఓడలు ఆగే ఇలాంటి రేవుల్లో కొబ్బరి చెట్ల బొమ్మలతో అమ్మే 'కరీబియన్ కాఫీ' ఆ నేలలో పండింది కాదని వేరే చెప్పనక్కరలేదు. రమ్ము వాసన, కొబ్బరి వాసన కలిపిన రకాలైతే ఇంకా అనుమానించదగినవి; మంచి గింజకు పై నుంచి సువాసన పూయవలసిన అవసరం ఎవరికీ రాదు. చెప్పుకోదగినంత కాఫీ నిజంగా పండేది జమైకా, పోర్టొరికో, డొమినికన్ రిపబ్లిక్, హైతీ, క్యూబా కొండల్లో. గ్వాడెలూప్‌లో కొద్దిపాటి పంట ఉంది. మిగిలిన దీవుల్లో అక్కడక్కడా పెరటి చెట్లు, చిన్న తోటలు ఉన్నా, ప్రయాణికుడికి దుకాణంలో దొరికేంత సరుకు అరుదు.

కాఫీ పండే దేశాలే కాఫీని దిగుమతి చేసుకోవడం ఏమిటన్న ప్రశ్నకు జవాబు మూడు వందల ఏళ్ళ చరిత్రలో ఉంది. 1720ల్లో ఫ్రెంచి నౌకాధికారి గాబ్రియెల్ ద క్ల్యూ మార్టినిక్ దీవికి మొక్క తెచ్చాడు. 1728లో మాజీ గవర్నరు నికొలస్ లాస్ జమైకాలో నాటించాడు. ఆ శతాబ్దం చివరికి, నేటి హైతీ అయిన సాందొమాంగ్ అనే ఫ్రెంచి వలస, ప్రపంచపు కాఫీలో దాదాపు సగం పండించేది. అదంతా బానిసల చెమట మీద పెరిగిన పంట. 1791లో వారు తిరగబడడంతో ఆ తోటల వ్యవస్థ కూలిపోయింది. పారిపోయిన ఫ్రెంచి తోటల యజమానులు తూర్పు క్యూబా కొండల్లో మళ్ళీ తోటలు వేశారు. ఆ శిథిలాలను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పోర్టొరికో వంతు 19వ శతాబ్దంలో వచ్చింది. యావుకో పట్టణం చుట్టుపక్కల కార్సికా నుంచి వలస వచ్చిన కుటుంబాలు పెంచిన కాఫీ ఐరోపాలో పేరు తెచ్చుకుంది, వాటికన్‌కు కూడా వెళ్ళేదని అక్కడివారు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1898లో దీవి స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతిలోకి పోయింది, పాత మార్కెట్లు తెగిపోయాయి. మరుసటి సంవత్సరం ఆగస్టులో సాన్ సిరియాకో తుఫాను తోటలను నేలమట్టం చేసింది. అమెరికా సుంకాలు చెరకును కాపాడినంతగా కాఫీని కాపాడలేదు.

ఆ తరవాతి కథ అన్ని దీవుల్లోనూ ఇంచుమించు ఒకటే. కొండ వాలు మీద యంత్రాలు నడవవు, పండ్లు చేత్తోనే కోయాలి, కోసేవారి కూలి బ్రెజిల్ మైదానాల్లో యంత్రంతో కోసే ఖర్చుతో పోటీ పడలేదు. నిలదొక్కుకున్న తోటను ఒక తుఫాను ఊడ్చేస్తే, కొత్త మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా ఇంకో తుఫాను రావచ్చు. దానికి తోడు ఆకు తుప్పు తెగులు 2010ల్లో కరీబియన్‌ను, మధ్య అమెరికాను కుదిపేసింది. పంట తగ్గినా జనం తాగడం తగ్గలేదు. ఇంటింటా పొద్దునా సాయంత్రం పొయ్యి మీద కాఫీ కుండ ఎక్కే సమాజాలు ఇవి. కాబట్టి ఊళ్ళో తాగడానికి చవక గింజ బయటి నుంచి రావడం, పండిన మంచి గింజ ఎక్కువ ధర ఇచ్చే విదేశానికి పోవడం రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ప్రయాణికుడు అడుగుపెట్టేది ఈ రెండు ప్రవాహాలు ఎదురెదురుగా సాగే చోటికి.

మనవాళ్ళకు ఎక్కువగా తటస్థపడేది పోర్టొరికో. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగు కుటుంబాలు, వీసా స్టాంపింగ్ బెడద లేకుండా వెళ్ళగల దీవి కాబట్టి, సెలవులకు శాన్ హువాన్ విమానం ఎక్కడం మామూలైంది. 2017 సెప్టెంబరు 20న వచ్చిన మరియా తుఫాను ఇక్కడి కాఫీ చెట్లలో దాదాపు 80 శాతాన్ని పోగొట్టిందని అంచనా. అంతకు ముందే స్థానిక పంట స్థానికుల వాడకానికి చాలేది కాదు. ఆ తరవాత కొరత మరింత పెరిగింది. సూపర్‌మార్కెట్ అరల్లో కనిపించే, తరతరాలుగా జనం నోళ్ళలో నానిన బ్రాండ్లలో చాలావాటిలో దిగుమతి గింజ కలుస్తుంది. వాటిని నకిలీలు అనడం తప్పు; అవి దీవి ప్రజల నిత్య కాఫీ, పాలు పోసుకొని తాగితే హాయిగానే ఉంటాయి. కాకపోతే పోర్టొరికో కొండల రుచి ఏమిటో అవి చెప్పవు.

ఇక్కడ పొట్లం వెనక్కి తిప్పి చదవడం అలవాటు చేసుకోవాలి. 'తోస్తాదో' అంటే వేయించినది, 'మొలీదో' అంటే పొడి చేసినది, 'ఎంపకాదో' అంటే పొట్లం కట్టినది. ఈ మూడింటి పక్కన పోర్టొరికో పేరు ఉన్నంత మాత్రాన గింజ పుట్టిన చోటు తేలదు. ఆ మూడు పనులూ దిగుమతి గింజతోనూ చేయవచ్చు. వెతకవలసిన మాటలు రెండే: ఒకటి 'కుల్తివాదో' లేదా 'కోసెచాదో', అంటే పండించినది, కోసినది, రెండు, నూటికి నూరు శాతం పోర్టొరికో కాఫీ అని స్పష్టంగా చెప్పే వాక్యం. దానికి తోడు అద్‌హుంతాస్, హయూయా, లారెస్, మరికావో, యావుకో, ఉతువాదో, సియాలెస్ లాంటి కొండ ఊళ్ళలో ఏదో ఒకదాని పేరు, తోట పేరు, వేయించిన తేదీ ఉంటే ఇక సందేహించనక్కరలేదు. సొంత తోటలో పండించి, సొంతంగా వేయించి అమ్మేవారు ఈ వివరాలు దాచరు. ధర రాబట్టుకోవడానికి వారికున్న ఆధారం అవే. హయూయాలోని హసియెండా సాన్ పేద్రో, లారెస్‌లోని కఫే లారెన్యో లాంటివి ఈ కోవలోకి వస్తాయి. కొండదారుల్లో కారు నడిపే ఓపిక లేనివారు పాత శాన్ హువాన్‌లో ఒకే తోట గింజలు వేయించి అమ్మే కాఫీ దుకాణాలకు వెళ్ళవచ్చు. అక్కడ ముందు ఒక కప్పు తాగి, నచ్చితే అదే గింజ కొనుక్కోవచ్చు. సూపర్‌మార్కెట్ రకంతో పోలిస్తే రెండింతలకు పైగా ధర పెట్టవలసి వస్తుంది. ఆ తేడా చూసి వెనకాడేవారు, అమెరికా కనీస వేతన చట్టం వర్తించే నేల మీద, వాలులో నిలబడి చేత్తో కోసిన పండు ఇదని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

జమైకా సంగతి దీనికి తలకిందులు. అక్కడ కాఫీ పేరుకు రక్షణగా చట్టపరమైన కోట ఉంది, ఆ కోట చుట్టూ పేరును వాడుకునేవారి సంత ఉంది. బ్లూ మౌంటెన్ అనే పేరు సెయింట్ ఆండ్రూ, సెయింట్ థామస్, పోర్ట్‌లాండ్, సెయింట్ మేరీ అనే నాలుగు జిల్లాల్లోని నిర్దేశిత ప్రాంతంలో, సుమారు 3,000 నుంచి 5,500 అడుగుల ఎత్తులో పండిన కాఫీకే చెల్లుతుంది. అంతకన్నా దిగువన పండినది హై మౌంటెన్. ఇంకా కిందిది మరో తరగతి. 1950లో ఏర్పడిన కాఫీ ఇండస్ట్రీ బోర్డు ఈ నియమాలను చాలాకాలం అమలు చేసింది. 2018 నుంచి ఆ పని జాక్రా అనే నియంత్రణ సంస్థ చేతిలో ఉంది. ఎగుమతయ్యే ప్రతి సరుకునూ ముందుగా రుచి చూసి ఆమోదిస్తారు.

ఆ కొండల్లో గింజకు అంత విలువ రావడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు. రోజులో ఎక్కువ భాగం కమ్ముకొనే మంచు ఎండను అడ్డుకోవడంతో కాయ నెమ్మదిగా పండుతుంది, పూత నుంచి కోతకు పది నెలల దాకా పట్టవచ్చు. గింజ గట్టిపడుతుంది, తీపి నిలుస్తుంది, చేదు తగ్గుతుంది. పాత టిపికా రకాన్నే ఎక్కువగా పెంచుతారు. దాని దిగుబడి తక్కువ, తెగుళ్ళను తట్టుకొనే శక్తీ తక్కువే. పండ్లను చిన్న రైతులు పెట్టెల లెక్కన తెచ్చి అప్పగిస్తారు. గుజ్జు తీసి, పులియబెట్టి, కడిగి, బార్బెక్యూలు అని అక్కడ పిలిచే సిమెంటు కళ్ళాల మీద ఆరబోస్తారు. పొర తీసిన గింజలను ఫ్యాక్టరీల్లో మహిళలు పొడవాటి బల్లల ముందు కూర్చొని, విరిగినవి, పురుగు తొలిచినవి, రంగు తేడా ఉన్నవి వేళ్ళతో ఏరి పక్కకు తోస్తారు. మిగిలిన పచ్చి గింజలు గోతాల్లో కాక చెక్క పీపాల్లో ఓడ ఎక్కుతాయి. దశాబ్దాల పాటు ఆ పీపాల్లో సింహభాగం జపానుకే పోయింది; ఐరిష్ టౌన్ దగ్గరి క్రైటన్ ఎస్టేట్‌ను 1981లో ఒక జపాన్ కాఫీ సంస్థ ఏకంగా కొనేసింది. పండేదే కొద్ది, అందులో దీవిలో మిగిలేది ఇంకా కొద్ది అన్నమాట.

ఇంత కొద్ది సరుకు ప్రపంచమంతటా అన్ని అంగళ్ళలో ఎలా దొరుకుతోందో ఆలోచిస్తే మోసం ఎక్కడుందో అర్థమవుతుంది. 'బ్లూ మౌంటెన్ బ్లెండ్' అని ఉంటే అందులో అసలు గింజ కొంత పాళ్ళలో మాత్రమే ఉంటుంది, ఎంత పాళ్ళో రాయకపోతే తక్కువేనని అనుకోవాలి. 'బ్లూ మౌంటెన్ స్టైల్' అని ఉంటే అసలు ఒక్క గింజ కూడా లేకపోవచ్చు. పోచంపల్లి మగ్గం మీద నేసిన చీరకూ, పోచంపల్లి డిజైన్ అచ్చొత్తిన మిల్లు చీరకూ ఉన్నంత తేడా ఇది. ఇంకో మెలిక కూడా ఉంది. జమైకా నుంచి విత్తనం తీసుకుపోయి కెన్యాలోనూ, పపువా న్యూ గినీలోనూ నాటిన టిపికా మొక్కలను కూడా బ్లూ మౌంటెన్ రకం అనే పిలుస్తారు. ఆ కాఫీలు మంచివే కావచ్చు, కానీ అది చెట్టు జాతి పేరే తప్ప కొండ పేరు కాదు. కాబట్టి పొట్లం మీద 'నూటికి నూరు శాతం జమైకా బ్లూ మౌంటెన్' అనే మొత్తం మాట, నియంత్రణ సంస్థ ముద్ర, ఎస్టేటు లేదా లైసెన్సు పొందిన ఫ్యాక్టరీ పేరు కలిసి ఉండాలి. వాలెన్‌ఫర్డ్, మేవిస్ బ్యాంక్ లాంటివి చాలాకాలంగా నిలిచిన పేర్లు. అమెరికాలో పౌను ధర 40 డాలర్లు దాటడం మామూలైన ఈ కాఫీ ఎక్కడైనా పది డాలర్లకు దొరికితే, అది అదృష్టం కాదు.

గ్రేడుల విషయంలో చాలామంది పొరబడతారు. నంబర్ 1, 2, 3 అనేవి ముఖ్యంగా గింజ సైజును, లోపాలు ఎన్ని ఉన్నాయన్న సంగతిని బట్టి ఇచ్చేవి. పెద్ద గింజలు ఒకే పరిమాణంలో ఉంటే సమానంగా వేగుతాయన్నది నిజమే అయినా, జాగ్రత్తగల ఎస్టేటు నంబర్ 2, ఆరు నెలల కిందట వేయించిన నంబర్ 1 కన్నా మేలు. పీబెర్రీ అంటే పండులో రెండు గింజల బదులు ఒక్కటే గుండ్రంగా ఎదిగినది. అది అరుదు కాబట్టి ధర ఎక్కువ పలుకుతుంది. రుచి కూడా ఎక్కువేనని ప్రమాణం చేసి చెప్పడం కష్టం. కింగ్‌స్టన్ నుంచి కొండ మీదికి పోయే దారిలో రైతులు ఇంట్లో వేయించి పేరులేని సంచుల్లో అమ్మే కాఫీ అద్భుతంగా ఉండవచ్చు, మాడిన వాసనా రావచ్చు. తోట ఎదురుగానే ఉండి, కప్పు రుచి చూపిస్తే కొనవచ్చు. రోడ్డు పక్కన ఎవరో ఎక్కడిదో తెచ్చి అమ్ముతుంటే వద్దు. జమైకాలో పంట దొంగతనం రైతులను పీడిస్తున్న పాత సమస్య, ఆ దొంగ పంట బయటపడేది ఇలాంటి లైసెన్సు లేని చేతుల గుండానే.

డొమినికన్ రిపబ్లిక్‌లో పేరు కోసం అంత గొడవ లేదు. పండిన కాఫీలో ఎక్కువ భాగం దేశంలోనే తాగేస్తారు, పెద్ద బ్రాండ్ల పొడి ప్రతి కిరాణా కొట్టులోనూ చవగ్గా దొరుకుతుంది, ఎక్కువమంది ప్రయాణికులు అదే కొని సంతృప్తిగా ఇంటికి వెళతారు. తెగులు తరవాత ఇక్కడ కూడా దిగుమతులు పెరిగాయి కాబట్టి, మెరుగైనది కావాలంటే ప్రాంతం పేరు చూడాలి: హరబకోవా కొండలు, నైరుతిలోని బరఓనా, మూల ప్రాంత గుర్తింపు పొందిన వల్దేసియా. పుంటా కానా రిసార్టుల దుకాణాల్లో ఈ పేర్లు కనిపించకపోవచ్చు. శాంతో దొమింగో నగరంలో గింజ వేయించే చిన్న దుకాణాల్లో కనిపిస్తాయి. నా లెక్కలో ధరకు తగిన విలువ ఇచ్చేది కరీబియన్ మొత్తంలో ఈ దేశమే.

హైతీలో మంచి గింజ ఇప్పటికీ ఉంది, కానీ అక్కడికి విహారయాత్రకు వెళ్ళగల పరిస్థితి ఇప్పుడు లేదు. క్యూబాలో రేషను మీద ఇచ్చే కాఫీలో వేయించిన బఠాణీ పొడి కలుపుతారన్నది బహిరంగ విషయం. ఎగుమతికి తయారయ్యే క్యూబీతా, సెర్రానో లాంటివి వేరు. గ్వాడెలూప్‌లో బోనిఫియర్ అనే పాత పేరుతో అమ్మే కాఫీ పరిమాణం చిన్నది, ధర పెద్దది.

ఇక గింజ నాణ్యత. మూల ప్రాంతం నూటికి నూరు శాతం అసలైనదే అయినా, అది పాతబడితే డబ్బు దండగే. పచ్చి గింజ సరిగా నిల్వ చేస్తే దాదాపు ఏడాది నిలుస్తుంది. వేయించిన గింజ కొన్ని వారాల్లో సువాసన కోల్పోతుంది. పొడి కొన్ని రోజుల్లోనే నీరసిస్తుంది. అందువల్ల పొడి కన్నా గింజ మేలు, 'ఈ తేదీలోగా వాడాలి' అన్న అంకె కన్నా వేయించిన తేదీ ముఖ్యం. గింజల సైజు సమానంగా ఉందా, విరిగిన ముక్కలు, సూదిమొన లాంటి చిల్లులు ఉన్నాయా అని చూడవచ్చు. నల్లగా, నూనె కారేలా వేయించిన గింజల్లో తోట రుచి కన్నా పెనం రుచే ఎక్కువ ఉంటుంది, లోపాలను దాచడానికి అంతకన్నా సులువైన మార్గం లేదు. విమానాశ్రయంలో దొరికే గోనెగుడ్డ సంచి చూడముచ్చటగా ఉంటుంది గానీ, గుడ్డ గాలిని ఆపదు. లోపల గాలి చొరబడని మరో కవరు ఉందో లేదో తడిమి చూడాలి. అదే బ్రాండు నగరంలోని సూపర్‌మార్కెట్లో సాధారణంగా తక్కువకే దొరుకుతుంది.

మన ఇళ్ళలో తాగే తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్లూ మౌంటెన్ కాఫీ గొప్పతనం దాని సౌమ్యతలో ఉంది: నోటికి పలచగా తగలడం, తక్కువ చేదు, సున్నితమైన పులుపు. దాన్ని ఫిల్టరులో చిక్కటి డికాక్షన్ దింపి, గ్లాసు నిండా మరిగిన పాలు, రెండు చెంచాల పంచదార పోస్తే, ఆ సౌమ్యత పాలలోనే మునిగిపోతుంది. చికోరీ కలిపితే చెప్పనే అక్కరలేదు. పాల కాఫీ కోసమే అయితే మధ్యస్థంగా వేయించిన డొమినికన్ లేదా పోర్టొరికో గింజ కొనడం తెలివైన పని. బ్లూ మౌంటెన్‌కు పెట్టిన డబ్బు దక్కాలంటే కనీసం మొదటి కప్పయినా పాలు లేకుండా తాగాలి.

తీసుకురావడంలోనూ కొన్ని మెలికలు ఉన్నాయి. అమెరికాకు వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి పదార్థాలు చేతి సంచిలో ఉంటే అదనపు తనిఖీకి ఆపుతారు, కొన్నిసార్లు వదిలేయమంటారు. కాఫీ పొడి ఈ లెక్కలోకే వస్తుంది, గింజ రాదు. సొంత వాడకానికి తెచ్చుకొనే వేయించిన కాఫీకి అమెరికా సరిహద్దులో అభ్యంతరం లేదు. పచ్చి గింజతోనే జాగ్రత్త. ఇంట్లో వేయించుకొనే సరదా ఉన్నవారు తోటల్లో చవగ్గా దొరుకుతుందని పచ్చి గింజ కొంటారు. బయటి పచ్చి గింజను పోర్టొరికోలోకి, హవాయిలోకి తేనివ్వరు, ఆ దీవుల మీదుగా తీసుకుపోనివ్వరు కూడా. భారతదేశంలో అది మొక్కల క్వారంటీన్ నిబంధనల కిందికి వస్తుంది, అనుమతి పత్రాలు లేకుండా సూట్‌కేసులో పెట్టుకొని రాకూడదు. ఇలాంటి కట్టుదిట్టాల వెనక ఉన్న భయాల్లో ఒకటి కాయ తొలిచే బెర్రీ బోరర్ అనే చిన్న నల్ల పురుగు. అది 1978లో జమైకాకు, 2007లో పోర్టొరికోకు చేరింది. 2025లో మన అరకు లోయ తోటల్లో కనిపించినప్పుడు, పురుగు పాకకుండా ఆపడానికి గిరిజన రైతుల కాపును కోయించి నాశనం చేయవలసి వచ్చింది.